అప్‌డేట్: ఎక్స్‌టెండెడ్ ఎస్సే మధ్యలో ఆగిపోయిన విద్యార్థిని, చివరికి ఏది పనిచేసిందంటే

మా ఐబీ డిప్లొమా (ప్లస్ టూ స్థాయి అంతర్జాతీయ కోర్సు) విద్యార్థిని 1908 మూసీ వరద మీద హిస్టరీలో ఎక్స్‌టెండెడ్ ఎస్సే, అంటే ఆ కోర్సులో సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం, మొదలుపెట్టి, నోట్సు కుప్పలుగా రాసుకుని, ఒక్క పేజీ కూడా కదలట్లేదని ఆగస్టులో ఇక్కడ అడిగాను. నిన్న ఫైనల్ కాపీ ఇచ్చేసింది. 4,000 పదాల పరిమితిలోనే ముగించింది. సలహాలిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది "టాపిక్ ఉంచండి, ప్రశ్న మార్చండి" అన్న సలహా. "వరద హైదరాబాద్‌ను ఎలా మార్చింది" అంటే ఎప్పటికీ తేలదు. దాన్ని "1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ జలాశయానికి వరద భయం ఎంత కారణం, తాగునీటి అవసరం ఎంత?" అని కుదించాం. వెంటనే నోట్సు కార్డులన్నీ టేబుల్ మీద రెండు వరసలుగా పేర్చింది. వరద తర్వాత ఇంజనీర్ విశ్వేశ్వరయ్య చేసిన సిఫార్సుల కార్డు ఏ వరసలో పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకుని కూర్చుంది. "ఆ సందేహమే రాయమ్మా" అన్నాను. ఎస్సేకి గుండెకాయ అదే అయింది.

పేరా పేరా దిద్దాలేమోనని నేను పడ్డ టెన్షన్ అనవసరం. సూపర్‌వైజర్‌గా నేను కామెంట్లు ఇవ్వాల్సింది ఒక్క పూర్తి డ్రాఫ్ట్ మీదేనని, ఎడిట్ చేయకూడదని మా కోఆర్డినేటర్ గారు స్పష్టంగా చెప్పారు. అంతకుముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడమే అసలు పని.

రిఫరెన్స్ సాఫ్ట్‌వేర్, టైమ్‌టేబుల్ యాప్ రెండూ వాడి చూశాం, మాకు తేడా రాలేదు. టాపిక్ మార్చకపోవడం మంచిదైంది.

చివరి రిఫ్లెక్షన్ సెషన్, అదే వైవా, శుక్రవారం ఉంది. ఆ విశ్వేశ్వరయ్య కార్డు తెస్తానంది.