డాలస్ నుంచి వచ్చి బళ్ళో చేరాను, ఆరో పీరియడ్‌లో నిద్ర ఆగడం లేదు

తెలుగు టీచర్, తూర్పుగోదావరి:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి పురుటికని డాలస్ వెళ్ళి జూన్ 10 రాత్రి ఇంటికి చేరాను. 12న బడి తెరిచారు, వెళ్ళిపోయాను. స్టాఫ్‌రూములో అందరూ "హాలిడే బాగా ఎంజాయ్ చేశారా మేడమ్" అంటున్నారు. ఏడు వారాల్లో నేను చూసింది మనవరాలి ఉయ్యాల, వంటగది, కాస్ట్‌కో కొట్టు. అది వేరే కథ.

ఇప్పుడు బాధల్లా నిద్రతోనే. రాత్రి ఒంటిగంటకే మెలకువ వచ్చేస్తోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి. నిన్న పద్యం మొదటి పాదం చదివి రెండో పాదం దగ్గర ఆగిపోయాను. పాతికేళ్ళుగా నోటికి వచ్చిన పద్యం! కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎదురుగా ఏముందో తెలియలేదు. ముందు బెంచీ పిల్ల మెల్లగా రెండో పాదం అందించింది. పొద్దున యాప్‌లో ముఖం చూపించి వేసే హాజరు కూడా మూడోసారికి గానీ పడలేదు, కళ్ళు అంతలా ఉబ్బాయి. సెలవు పెడదామంటే చేరి నాలుగు రోజులే. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ఎన్నాళ్ళుంటుందిది?

సోషల్ మాస్టారు, గుంటూరు:
మీ పీరియడ్ రెండింటికైతే అప్పుడు డాలస్‌లో తెల్లవారుజామున మూడున్నర మేడమ్. వేసవిలో పదిన్నర గంటల తేడా. మీ ఒళ్ళింకా అక్కడే ఉంది. రోజుకో గంట చొప్పున సర్దుకుంటుందంటారు, పది రోజులు వేసుకోండి. నేను న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడు పొద్దున్నే డాబా మీద ఎండలో అరగంట నడిచేవాణ్ణి. సాయంత్రం ఎంత తూలినా తొమ్మిదిన్నర దాకా మంచమెక్కలేదు. అన్నిటికన్నా ముందు, క్లాసులోంచి కుర్చీ తీయించేయండి.

రిటైర్డ్ హెచ్.ఎం.:
నిద్ర సంగతి సరే తల్లీ, కాగితాలు ఇచ్చావా? విదేశం వెళ్ళడానికి తీసుకున్న పర్మిషన్ కాపీ, పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీల జిరాక్సు కలిపి ఆఫీసులో ఇచ్చేయి. అమెరికావాళ్ళు బయటికి వచ్చేటప్పుడు ముద్ర వెయ్యరు. మా స్కూల్లో ఒకాయన అది లేదని వారం రోజులు కంగారు పడ్డాడు. మనవాళ్ళు వేసిన రాకపోకల ముద్రలు చాలు.

లెక్కల టీచర్, కడప:
చాక్లెట్లు ఎన్ని తెచ్చారు మేడమ్? నేను ఒక్క క్లాసుకని తెస్తే బడంతా వచ్చి నిలబడింది!

తెలుగు టీచర్, తూర్పుగోదావరి:
చాక్లెట్లు దారిలోనే కరిగి ముద్దయ్యాయి. ఫ్రిజ్‌లో పెట్టి చాకుతో కోసి పంచాను. ఏదో కొత్త రకం స్వీటనుకున్నారు, నేనూ సరిచెయ్యలేదు.

మాస్టారూ, కుర్చీ తీయించాను. ఇవాళ మా సోషల్ మేడమ్ దగ్గర్నుంచి గ్లోబు తెచ్చి, మీరు రాసిన మూడున్నర లెక్క పిల్లలకే చెప్పాను. టార్చిలైటు వేసి మన వైపు పగలు, అటు వైపు రాత్రి చూపించాను. అంతా విన్నాక ఆ ముందు బెంచీ పిల్లే లేచి, "అయితే మీరిప్పుడు మీ అమ్మాయిగారింట్లో నిద్రపోతున్నారా టీచర్?" అంది. అవునన్నాను. "అయితే పద్యం మేం చదువుకుంటాంలెండి" అని కూర్చుంది.