అమెరికాలో పసిబిడ్డకి బొంత కుట్టి ఇవ్వొచ్చా?

మేం డాలస్ వచ్చిన కొత్తలో అన్నింటికీ తోడున్న పక్కింటి అమెరికన్ ఆవిడ కూతురికి నెలలు నిండాయి. మా అమ్మ కట్టిన మంగళగిరి నూలు చీరలతో బొంత కుట్టి ఇవ్వాలని నాకు చాలా కోరిక. కానీ ఇక్కడ ఏడాది నిండని పిల్లల క్రిబ్‌లో (ఊచల మంచంలో) బొంతలు, దుప్పట్లు వేయొద్దని డాక్టర్లు గట్టిగా చెబుతారు. నేల మీద బోర్లా వేసి ఆడించే పరుపులా కుడితే వాడతారా? లోపల మనలా పాత చీరల మడతలే పెట్టాలా, ఇక్కడ బొంతల లోపల పెట్టే దూది పొర (కాటన్ బ్యాటింగ్) నయమా? ఎర్ర అంచు రంగు దిగకుండా ఏం చేయాలి? అన్నట్టు, ఇండియా నుంచి తెచ్చిన కుట్టు మిషన్ మోటార్ 230 వోల్టులది, ఇక్కడ 120. ట్రాన్స్‌ఫార్మర్ కొనాలా, లేక కొత్త మిషనే మేలా? చేత్తో కుట్టడానికైనా సిద్ధమే. కట్టిన చీరలని వాళ్లేమైనా అనుకుంటారా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.