సీసాలు, వ్యాను, యంత్రాలు: మూడింటికీ ఒకే వినైల్ స్టిక్కరు సరిపోతుందా?

ప్రశ్న

నమస్కారమండీ. మేము చిన్న స్థాయిలో నేల శుభ్రం చేసే ద్రవాలు తయారు చేసి, తెల్లని ప్లాస్టిక్ సీసాల్లోనూ 5 లీటర్ల క్యాన్లలోనూ నింపి అమ్ముతున్నాము. ఆరు నెలల క్రితం ఒక ప్రింటరు వాటర్‌ప్రూఫ్ వినైల్ అని చెప్పి ముద్రించి ఇచ్చిన లేబుళ్లను వాటికి అతికించాము. మొదటి రెండు వారాలు అంతా బాగానే ఉంది. ఆ తరువాత లేబుళ్ల మూలలు పైకి లేవసాగాయి, ద్రవం ఒలికిన చోట ఎరుపు రంగు వెలిసి గులాబీగా మారింది, చేతితో పిండే సీసాల మీద అడ్డంగా ముడతలు పడ్డాయి. లోపలి సరుకు బాగానే ఉన్నా, పాతదనుకుని దుకాణదారులు తిప్పి పంపడం మాకు చాలా బాధ కలిగించింది.

ఇప్పుడు సీసాల లేబుళ్లతో పాటు వ్యాను తలుపుల మీద సంస్థ పేరు, కలిపే యంత్రాల మీద హెచ్చరిక స్టిక్కర్లు కూడా చేయించాలి. మూడింటికీ ఒకే రకం వినైల్ తీసుకోవచ్చా? ఆర్డరు ఇచ్చే ముందు ప్రింటరును ఏమేమి అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

నేను చాలా ఏళ్లుగా లేబుళ్ల ముద్రణలో ఉన్నాను. వాటర్‌ప్రూఫ్ అన్న మాట ఫిల్ముకు మాత్రమే వర్తిస్తుంది. వినైల్ అంటే పీవీసీ కాబట్టి అది నీటికి చెడదు; కానీ దాని మీది ఇంకు, కింది జిగురు నీటికి ఆగుతాయని ఆ మాట హామీ ఇవ్వదు. మీ లేబుళ్ల మూలలు లేచి, రంగు వెలిసిపోయింది ఆ రెండింటి వల్లే.

ముందుగా జిగురు సంగతి చూద్దాం. మీ సీసాలు బహుశా హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథిలిన్ అయి ఉంటాయి. ఈ రకం ప్లాస్టిక్ ఉపరితల శక్తి, అంటే ద్రవాలను తన మీద పరుచుకోనిచ్చే గుణం చాలా తక్కువ, సెంటీమీటరుకు సుమారు 31 డైన్లు (డైన్లు ఆ శక్తి కొలత). గాజు మీద నీటి చుక్క పరుచుకుంటుంది, దీని మీద ముత్యంలా నిలుస్తుంది. జిగురు కూడా అలాగే పరుచుకోలేక పైపైనే ఉండిపోతుంది. అందుకే సీసాలు తయారు చేసేవారు వాటి పైభాగాన్ని క్షణకాలం మంట తగిలించి శుద్ధి చేస్తారు, అప్పుడు ఆ అంకె 38 దాటుతుంది. మీ సీసాలకు ఆ శుద్ధి జరిగిందో లేదో సరఫరాదారును అడగండి. ఎక్కువ కాలం నిల్వ ఉంటే ఆ ప్రభావం తగ్గిపోతుంది కనుక సీసాలు ఎప్పుడు తయారయ్యాయో కూడా తెలుసుకోండి. ప్రింటరును మాత్రం తక్కువ ఉపరితల శక్తి గల ప్లాస్టిక్‌కు పనికివచ్చే శాశ్వత ఆక్రిలిక్ జిగురు ఉందా అని సూటిగా అడగండి. మామూలు జిగురు ఇనుప బీరువాకు చక్కగా పట్టుకుంటుంది, మీ సీసాకు పట్టదు.

ముద్రణలో ఎరుపును ముదురు గులాబీ, పసుపు ఇంకులు కలిపి తెస్తారు; అది గులాబీ అయిందంటే అందులోని పసుపు పోయిందన్నమాట. నీటిలో కరిగే డై ఇంకుతో, పైన లామినేషన్ లేకుండా ముద్రించి ఉంటారని నా అనుమానం. ఆరాక నీటికి కరగని ఎకో సాల్వెంట్, లేటెక్స్, యూవీ ఇంకుల్లో ఏదైనా వాడి, దాని మీద పారదర్శకమైన లామినేషన్ వేయించండి. చాలామంది ఖర్చు తగ్గించుకోవాలని లామినేషన్ మానేస్తారు, నా దృష్టిలో అది పొరపాటు: సబ్బు ద్రవం ఒలికే సరుకుకు రంగును కాపాడేది ఆ పొరే.

పిండే సీసాలకు అసలు వినైల్ వద్దు. సీసాతో పాటు వంగి మళ్లీ యథాస్థితికి వచ్చే పాలిథిలిన్ ఫిల్ము లేబులు తీసుకోండి. మూలలు గుండ్రంగా కోయించండి, పదునైన మూలే మొదట లేస్తుంది.

రెండవ సమాధానం

వ్యాను గురించి నేను చెబుతాను. వినైల్ రెండు విధాలుగా తయారవుతుంది. క్యాలెండర్డ్ రకాన్ని వేడి రోలర్ల మధ్య సాగదీసి పలుచన చేస్తారు, కాబట్టి ఆ సాగుడు తాలూకు ఒత్తిడి ఫిల్ములోనే ఉండిపోయి, ఎండ తగిలేకొద్దీ అది తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. స్టిక్కరు అంచు చుట్టూ జిగురు గీత బయటపడేది అందుకే. కాస్ట్ రకాన్ని ద్రవంగా పోసి ఆరబెడతారు, అందులో ఆ ఒత్తిడి ఉండదు. ఇది సుమారు 50 మైక్రాన్ల మందంతో చాలా పలుచగా ఉండి తలుపు వంపుల్లోకి, రివెట్ల మీదికి చక్కగా ఒదుగుతుంది. క్యాలెండర్డ్‌లోనూ మోనోమెరిక్ (త్వరగా ముడుచుకునేది), పాలీమెరిక్ (తక్కువగా ముడుచుకునేది) అని రెండు రకాలున్నాయి; మొదటిదాన్ని కొద్దికాలపు ప్రకటనలకు వాడుకోవచ్చు. తలుపు చదునుగా ఉంటే పాలీమెరిక్ చాలు, వంపులుంటే కాస్ట్ తీసుకోండి. లామినేషన్ కూడా అదే రకానిది కావాలి. కాస్ట్ ఫిల్ము మీద క్యాలెండర్డ్ లామినేషన్ వేస్తే పై పొర ముడుచుకుంటూ కింది దాన్ని కూడా లాగుతుంది.

యంత్రాల విషయంలో ఒక్క మాట. అసిటోన్ వంటి ద్రావణులతో తుడిచే చోట పీవీసీ మెత్తబడుతుంది, అక్కడ పాలిస్టర్ లేబులు మేలు. పౌడర్ కోటింగ్ (పొడి రంగును వేడితో కరిగించి వేసిన పూత) ఉన్న యంత్రాలకు జిగురు మందంగా ఉండాలని చెప్పండి, ఎందుకంటే ఆ గరుకు గుంటల్లోకి పలుచని జిగురు దిగదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఖాళీ సీసా మీద నీటి చుక్క వేసి చూశాను, మీరన్నట్టే ముత్యంలా నిలిచింది. మేము ఇప్పటివరకు సీసాలు నింపి, మూతలు బిగించి, పొడి గుడ్డతో తుడిచిన తరువాత లేబుళ్లు అతికిస్తున్నాము. ఇందులో ఏమైనా తప్పు ఉందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఉందండీ, బహుశా అసలు కారణాల్లో ఇదీ ఒకటి. నింపేటప్పుడు జారిన ద్రవంలో నురుగునిచ్చే సర్ఫాక్టెంట్లు ఉంటాయి. పొడి గుడ్డ వాటిని తీసివేయదు, సీసా అంతటా పలుచగా పూస్తుంది. అవి ఆరిన తరువాత కంటికి కనిపించవు కానీ జిగురుకూ ప్లాస్టిక్‌కూ మధ్య పొరగా నిలిచి, కొద్దిపాటి తడి తగిలినా ఆ తడిని లేబులు అంచు కిందికి చేరుస్తాయి. కాబట్టి ఖాళీ సీసాలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఆరాక లేబులు అతికించి, ఆ తరువాతే నింపండి. అతికించేటప్పుడు మధ్య నుండి అంచులకు గట్టిగా రుద్దాలి, ఎందుకంటే ఈ జిగురు ఒత్తిడితోనే పట్టుకుంటుంది. పూర్తి బలం రావడానికి ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది, నింపే పని అంతవరకు ఆపగలిగితే మంచిది.

మొత్తం ఆర్డరు ఇవ్వకముందు ఇరవై నమూనాలు తెప్పించుకుని మీ సీసాలకే అతికించి, మూడు రోజుల తరువాత సగం సీసాలను మీ ద్రవంలోనే ఒక రోజంతా ముంచి ఉంచండి. మంచినీటిలో ముంచి సరిపెట్టుకోవద్దు, మీ లేబులు రోజూ ఎదుర్కొనేది నీటిని కాదు. బయటికి తీశాక అంచును గోటితో గీకి, రంగు మీద తడి గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. మిగిలిన సగాన్ని ఎండ తగిలే కిటికీ దగ్గర నెల రోజులు ఉంచండి.