ఒకే చోట పడిన రెండు గోడలు: జ్యామితిలోనే సరిచేయాలా, మెష్‌లో కలిపితే చాలా?

తుంగభద్ర (కర్నూలు):
సముద్రంలో తేలే చమురు వేదికకు నమూనా గీస్తున్నాను. పక్కపక్కనున్న రెండు ట్యాంకులను విడివిడి పెట్టెలుగా గీసినందువల్ల నడిమి గోడ ఒకే చోట రెండుసార్లు పడింది. మెష్ చేశాక, అంటే గోడలను లెక్క కోసం చిన్న ముక్కలుగా విడగొట్టాక, దగ్గరి నోడ్‌లను (ఆ ముక్కల మూల బిందువులను) కలిపేస్తే చాలునని నా అభిప్రాయం. జ్యామితిని ఇప్పుడు కదిలిస్తే నెల రోజుల పని చెదురుతుంది.

కడప బండ (కడప):
చాలదండీ. అలా కలిసేవి నోడ్‌లే. వాటిమీది ఎలిమెంట్లు, అంటే ఆ ముక్కలు, రెండూ అలాగే మిగులుతాయి. మీ గోడ 12 మిల్లీమీటర్ల మందంతో, 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. ఉక్కు ఘనపు మీటరుకు 7850 కిలోలు కాబట్టి దాని బరువు ఏడున్నర టన్నులు, నమూనా లెక్కలో పదిహేను. బరువు తేడా పట్టికలో ఎలాగూ బయటపడుతుంది. నా భయమంతా గట్టిదనం రెట్టింపై, ద్రవపీడనానికి గోడలో పుట్టే ప్రతిబలం సగమే కనిపించడం గురించి. పైగా రెండు గోడల మెష్ వేర్వేరుగా పడితే నోడ్‌లు అసలు ఎదురెదురుగా రావు.

పెన్న ఒడ్డు (అనంతపురం):
ఆ మాట ఈ గోడకు సరే కానీ, ఒకచోట పడిన తలాలన్నీ పొరపాట్లే అన్నట్టు తీసేయడం నాకు సమ్మతం కాదు. జాకెట్ (సముద్రపు అడుగున నిలిచే వేదికను మోసే ఉక్కు చట్రం) కాలికి బలం కోసం పైన అతికే డబ్లర్ ప్లేటు నిజంగానే రెండో రేకు, అదీ అంచుల వెంటే వెల్డింగ్ అయినది. మీ పేరులోని బండనే తీసుకోండి: సమాన మందం గల రెండు బండలను ఊరికే పేరిస్తే వంపుకు ఎదురు నిలిచే గట్టిదనం రెట్టింపు, పూర్తిగా అతికి ఒకటైతే ఎనిమిది రెట్లు. డబ్లర్ ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. కాలి రేకు 20, డబ్లర్ 12 మిల్లీమీటర్లైతే వాటి మధ్యతలాల ఎడం 16. కలిపే టాలరెన్స్ (ఎంత ఎడంలోపు నోడ్‌లను కలపాలో చెప్పే హద్దు) 20 పెట్టినవారికి ఆ ఎడమే మిగలదు.

తుంగభద్ర (కర్నూలు):
డబ్లర్ల జోలికి పోను. అయితే గోడ ఒక్కటే ఉంచితే రెండు ట్యాంకుల పీడనాన్ని ఎలా పెట్టాలి? పెట్టెలుగా గీసింది అందుకే.

కడప బండ (కడప):
రేకుకు ముందువైపు, వెనకవైపు ఉంటాయి కదా, ఒక్కో ట్యాంకు పీడనాన్ని ఒక్కో వైపుకు ఇవ్వండి. అలల లెక్కకు వాడే ప్యానెళ్లలో (నీరు తాకే తలాన్ని విడగొట్టిన చిన్న పలకల్లో) మాత్రం ఆ గోడ ఉండకూడదు. అక్కడ బయటి నీరు తాకే పొట్టు మాత్రమే కావాలి. ఆ పొట్టులోనే ఒక ప్యానెల్ రెండుసార్లు పడితే ఒకే సమీకరణం రెండుసార్లు వచ్చి లెక్క తెగదు.