గొప్పగా ఆడినవాడు గొప్పగా నేర్పగలడా?

బెంచివీరుడు:
పొద్దున్నే ఆరింటికి లేచి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) చూసే హైదరాబాదీలకు ఒక ప్రశ్న. హెడ్ కోచ్ పోస్టు ఖాళీ అయితే చాలు, ఫలానా లెజెండ్‌కి ఇవ్వాలంటారు. ఎందుకు? మ్యాజిక్ జాన్సన్‌ని మించిన పాయింట్ గార్డ్ ఉన్నాడా? 1994లో లేకర్స్ జట్టుకి 16 మ్యాచ్‌లు కోచింగ్ చేసి, 5 గెలిచి, దండం పెట్టేశాడు. ఫిల్ జాక్సన్ నిక్స్ జట్టులో బెంచి ఆటగాడు, కోచ్‌గా 11 టైటిళ్లు. పోపొవిచ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, కోచ్‌గా ఆయనకు 5. స్పోల్‌స్ట్రా మయామీ జట్టులో వీడియో గది నుంచి హెడ్ కోచ్ దాకా పైకొచ్చాడు.

పాయింట్‌గార్డ్_7:
నీకు పనికొచ్చేవే ఏరుకున్నావు. లెజెండ్ బిల్ రసెల్ ఏమయ్యాడు? 1968, 1969 సెల్టిక్స్ టైటిళ్లు కోచ్‌గా ఆయనవే. ఇంకో లెజెండ్ లారీ బర్డ్ హెడ్ కోచ్‌గా ఏ అనుభవం లేకుండా 1997లో పేసర్స్ జట్టుకి వచ్చాడు. మొదటి సీజన్‌కే కోచ్ ఆఫ్ ద ఇయర్, 2000లో ఫైనల్.

బెంచివీరుడు:
రసెల్ లెక్కలోకి రాడు. అప్పుడు ఆడుతూ కోచింగ్ చేశాడు. కోర్టులో రసెల్ ఉంటే మా ఇంటి ఓనర్ కూడా టైటిల్ కొడతాడు. ఆట మానేశాక శాక్రమెంటోలో 17 గెలిచాడు, 41 ఓడాడు. అదీ అసలు లెక్క.

పాయింట్‌గార్డ్_7:
ఆడుతూ, అలసిపోతూ, అదే సమయంలో ఎవరిని మార్చాలో చూసుకోవడం ఇంకా కష్టం కదా! కష్టమైన పని చేసినందుకు లెక్కలోంచి తీసేస్తావా?

ఇరానీచాయ్:
రసెల్ సంగతి తేలేలోపు నేను ఇంకో నాలుగు ఉస్మానియా బిస్కెట్లు తినొస్తా.

తార్నాక తాత:
అమెరికా దాకా ఎందుకు నాయనా? మన రహీం సాబ్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. భారత ఫుట్‌బాల్ జట్టుకు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం తెచ్చారు.

పాయింట్‌గార్డ్_7:
తాతగారూ, మరి గోపీచంద్? 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన మనిషే కదా ఒలింపిక్స్‌లో సైనా 2012 కాంస్యం, సింధు 2016 రజతం సాధించినప్పుడు వాళ్ల కోచ్.

బెంచివీరుడు:
ఆ గోపీచంద్‌కి చిన్నప్పుడు నేర్పిన ఆరిఫ్ సార్ ఆల్ ఇంగ్లండ్ గెలిచారా?

మూడుపాయింట్ల_రాణి:
మా కోచ్ మంచి పేరున్న ఆటగాడు. మూడు పాయింట్ల షాట్ ఎలా వేయాలి సార్ అంటే బంతి తీసుకుని టకటకా ఐదు వేసి "ఇలా" అనేవారు. మోచేయి ఎక్కడ ఉండాలో మూడేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. మనం మిస్ చేస్తే ఆయనకు నిజంగానే ఆశ్చర్యం! ఆ ఆశ్చర్యం చూడలేకే ఆట మానేశాను.

పాయింట్‌గార్డ్_7:
సరే మేడమ్, నా కథ వినండి. మాకు బడిలో నేర్పిన సార్ జీవితంలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. జోన్ డిఫెన్స్‌ని ఎలా చీల్చాలి సార్ అని అడిగితే "గట్టిగా ఆడండి" అని ఇరవై రౌండ్లు పరిగెత్తించారు. ఆడనివాళ్లకు నోరు ఎక్కువ, అంతే.

బెంచివీరుడు:
నోరా? పటియాలా వెళ్లి ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా చేసొచ్చాను. తొమ్మిదేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను. మొన్న ఒక అకాడమీ ఇంటర్వ్యూలో ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "మీరు ఎవరికి ఆడారు?" ఎవరికీ ఆడలేదన్నాను. టీ ఇచ్చి పంపారు. పోస్టు ఒక మాజీ స్టార్‌కి పోయింది.

పాయింట్‌గార్డ్_7:
అదీ సంగతి! పొద్దున్నుంచి మ్యాజిక్ జాన్సన్ మీద కోపం అనుకున్నా. నేనూ రాష్ట్రానికి ఆడినవాణ్నే. ముప్పై ఒకటికి మోకాలు పోయింది. సర్టిఫికెట్లు ఫైల్లో ఉన్నాయి, ఉద్యోగం లేదు. ఆ కోచ్ పోస్టు కూడా ఇవ్వొద్దంటే మాలాంటివాళ్లు ఏం తినాలి?

బెంచివీరుడు:
మోకాలి విషయం నాకు తెలియదు, సారీ అన్నా. కానీ అది పింఛను కాదు కదా. అవతల పిల్లలున్నారు.

పాయింట్‌గార్డ్_7:
పింఛను అడగలేదు. నేర్చుకోవడానికి టైమ్ ఇమ్మంటున్నా. బర్డ్ తనకు రానిది వచ్చినట్టు నటించలేదు. అఫెన్స్ తన అసిస్టెంట్ కోచ్ కార్లైల్‌కి, డిఫెన్స్ ఇంకో అసిస్టెంట్ డిక్ హార్టర్‌కి అప్పజెప్పాడు.

బెంచివీరుడు:
చూశావా! పని కార్లైల్‌ది, పేరు బర్డ్‌ది. సెల్టిక్స్‌లో బెంచి మీద కూర్చున్న ఆ కార్లైలే 2011లో డల్లాస్‌కి టైటిల్ తెచ్చాడు.

పాయింట్‌గార్డ్_7:
సరైనవాడికి పని అప్పజెప్పడం కోచింగ్ కాదా మరి?

మూడుపాయింట్ల_రాణి:
మీ ఇద్దరినీ ఒకటి అడగనా? మా పాపకి పన్నెండేళ్లు. షాట్ వేస్తే బంతి ఎప్పుడూ ఎడమకే పోతుంది. ఏం చేయాలి?

బెంచివీరుడు:
ఫోన్‌లో వీడియో తీసి పెట్టండి. ఇరవై షాట్లు చాలు.

పాయింట్‌గార్డ్_7:
వీడియో ఎందుకండీ, ఆదివారం కోర్టుకి తీసుకురండి. ఎదురుగా నిలబడితే నాకు రెండు షాట్లకే తెలిసిపోతుంది.

బెంచివీరుడు:
ఎదురుగా ఒక్కచోటే నిలబడితే సగమే తెలుస్తుంది అన్నా. పక్క నుంచి కూడా చూడాలి.