ఫిలిప్పీన్స్ మామిడి షేక్‌లో డబ్బా పాలు పొయ్యాలా, వద్దా?

దవావ్_టు_గుంటూరు:
ఫిలిప్పీన్స్‌లోని దవావ్‌లో వైద్యం చదువుకుని నిరుడే గుంటూరు వచ్చేశాను. అక్కడున్నన్నాళ్లూ మధ్యాహ్నపు ఎండ నుంచి నన్ను కాపాడింది మాంగో షేకే. మా పక్కగదిలో ఉండే ఫిలిపినో స్నేహితురాలు నేర్పిన లెక్క ఇది: ఒక పెద్ద మామిడిపండు గుజ్జు, గ్లాసు నిండా ఐసుముక్కలు, మూడు పెద్ద చెంచాల ఎవాప్, రెండు పెద్ద చెంచాల కండెన్స్‌డ్ మిల్క్. ఎవాప్ అంటే డబ్బాలో వచ్చే ఎవాపొరేటెడ్ పాలు, అందులో చక్కెర ఉండదు. అన్నీ బ్లెండర్‌లో వేసి ఐసు మంచుపొడిలా అయ్యేదాకా తిప్పడమే.

మొన్న బంగినపల్లితో సరిగ్గా అలాగే చేసి ఇంట్లో అందరికీ ఇచ్చాను. అమ్మ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. "దాహానికి ఇస్తున్నావనుకున్నానే, ఇది మామిడిపండు పాయసం" అంది. మనసు చివుక్కుమంది. అదే దేశంలో, సెబూలో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్యకు ఫోన్ చేసి చెబితే, అసలు ఫ్రూట్ షేక్‌లో పాలే ఉండవు పొమ్మన్నాడు. నేను ఐదేళ్లు తాగింది మరేమిటి? అక్కడ ఉండొచ్చినవాళ్లు చెప్పండి, ఏది అసలు పద్ధతి?

సముద్రపుగాలి:
మీ అన్నయ్య చెప్పిందే సరైనది. నేను సెబూలో ఆరేళ్లున్నాను. సముద్రం ఒడ్డున ఫ్రూట్ షేక్ అడిగితే పండు, ఐసు, కాస్త పంచదార పాకం, అంతే. పాలు కావాలంటే మనమే చెప్పాలి, చాలాచోట్ల దానికి పైన డబ్బులు కూడా.

పాలు ఎందుకు వద్దో చెబుతాను. వాళ్ల పండు కారబావ్ మామిడి. కారబావ్ అంటే వాళ్ల దున్నపోతు. పేరు మోటుగా ఉన్నా పండు మాత్రం సన్నగా, కొనతేలి, పల్చటి తొక్కతో, పీచన్నదే లేకుండా ఉంటుంది. గిమారాస్ ద్వీపంవాళ్లు తమ మామిడి తోటలకు పురుగు పట్టకుండా బయటి మామిడిపళ్లను ద్వీపంలోకి రానివ్వరు. రేవులోనే ఆపేస్తారు. అంత ప్రాణంగా కాపాడుకున్న పండు మీద డబ్బా పాలు గుమ్మరిస్తే నాలుకకు తగిలేది పాలే. పచ్చిమామిడి షేక్ తాగారా? పచ్చికాయ, పంచదార, ఐసు, కొద్దిగా నీళ్లు, చిటికెడు ఉప్పు. ఒంట్లో వేడి దిగిపోతుంది. అందులో పాలు పోస్తానని ఎవరైనా అంటారా?

మానేరు_పిల్ల:
అక్కా, అన్నా, ఇద్దరికి దండం. నేను పన్నెండేండ్ల సంది దుబాయ్‌ల నర్సు పని చేస్తున్న. నాతోని చేసేటోళ్లల్ల ఫిలిపినో అక్కలు మస్తుమంది. ఒక ఫ్లాటుల నాలుగేండ్లు కలిసి ఉన్నం, ఒక ఫ్రిజ్జే అందరికి. అందుకే చెప్తున్న. సముద్రం ఒడ్డుకు టూరిస్టులకు అమ్మే షేక్ వేరు, ఇంట్ల పిల్లలకు చేసిచ్చే షేక్ వేరు. మీరు ఒడ్డు మీది ముచ్చట చెప్తున్నరు, దవావ్ అక్క ఇంటి ముచ్చట అడుగుతున్నది.

మన దగ్గర పొద్దుగాల పాలాయన వచ్చి పోసి పోతడు. ఆళ్ల దేశంల పాడి శాన తక్కువ, తాగే పాలు, పాలపొడి దాదాపు అన్నీ బయటి దేశాలకెల్లి వచ్చేటివే. అమెరికా ఏలిన కాలంల డబ్బా పాలు ఊర్లల్లకు చేరినయి. ఐసు సుత గదే కాలంల. మనీలాల సర్కారు ఐసు ఫ్యాక్టరీ కట్టింది 1902ల. గంతకు ముందు ఐసంటే ఓడల మీద దూరదేశం నుంచి రావాలె, పైసలున్నోళ్లకే. ఒక్క తరంలనే ఐసు, డబ్బా పాలు రెండూ చేతికొచ్చినయి. ఎండల దేశం, చెట్టు నిండ పండ్లు. ఆళ్లేం జేస్తరు మరి? హాలోహాలో అని ఆళ్ల ఐసు మిఠాయి చూడండ్రి, తురిమిన ఐసు మీద పోసేది ఎవాపే. లెచె ఫ్లాన్, అంటే ఆళ్ల గుడ్ల పుడ్డింగు, అది కూడ డబ్బా పాలతోనే. మా ఫ్లాటుల ఒక అక్క డబ్బాకు రెండు బొక్కలు కొట్టి షేక్‌ల పోస్తుంటే ఆమె మొఖం చూడాలె. అమ్మ యాదికొస్తదని అనేది. తల్లి చేతి రుచిని పండును చెడగొట్టే వస్తువు అనుడు నాకు మంచిగనిపియ్యలే.

ఇంక అవొకాడో సంగతి. మనోళ్లు దాన్ని బ్రెడ్డు మీద రాసి ఉప్పు మిరియాలు చల్లుతరు. ఆళ్లకది తీపి పండు. గుజ్జు, పాలు, చక్కెర, ఐసు. పాలు లేకుంట అవొకాడో షేక్ చేసి చూపియ్యండ్రి అన్నా, ఎట్ల తాగుతరో నేను చూస్త.

సముద్రపుగాలి:
అవొకాడో విషయంలో ఒప్పుకుంటున్నాను చెల్లెమ్మా. దానికి పాలు కావాలి. బుకో షేక్‌కీ, అంటే లేత కొబ్బరి షేక్‌కీ, పాలు పడితే బాగుంటుంది. లక్ష్మణఫలం షేక్ పాలు వేసీ తాగాను, వెయ్యకుండానూ తాగాను. మామిడి దగ్గర మాత్రం తగ్గను. మీ ఫ్లాటులో అక్క బాధ నేను తప్పుపట్టడం లేదు, అది వేరే విషయం. పాలు పోసినదాన్ని మిల్క్‌షేక్ అనమనే నేను అడిగేది.

మానేరు_పిల్ల:
ఆళ్ల మాటల రెండూ షేకే అన్నా. పేరు ఆళ్లది, మనం మార్చుడెందుకు?

రుచిశాస్త్రం:
ఆహార సాంకేతిక శాస్త్రం పాఠం చెబుతాను, అందుకే కల్పించుకుంటున్నాను. పాలు ఉండాలా వద్దా అని ఒకే ప్రశ్నగా అడిగితే జవాబు రాదు. పండును బట్టి అడగాలి.

బొప్పాయిలో పపైన్, అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైములు ఉంటాయి. ఇవి పాలలోని మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి, ఆ ముక్కలు చేదుగా ఉంటాయి. అందుకే బొప్పాయి షేక్ తిప్పిన వెంటనే కమ్మగా ఉండి, ఫ్రిజ్‌లో గంటసేపు పెడితే చేదెక్కుతుంది. పాలు పాడయ్యాయని చాలామంది పారబోస్తారు, పాపం పాల తప్పు లేదు. చేసిన వెంటనే తాగాలి, లేదా అనాసను ముందు కొద్దిగా ఉడికించుకోవాలి. వేడికి ఆ ఎంజైము పనిచెయ్యడం మానేస్తుంది. మామిడిపండుతో ఈ బాధ రాదు. పచ్చిమామిడిలో ఆమ్లం ఎక్కువ కాబట్టి పాలు విరుగుతాయి. వాళ్లు దాంట్లో పాలు పొయ్యకపోవడానికి కారణం అదే, పండు మీద భక్తి ఒక్కటే కాదు.

ఇక కండెన్స్‌డ్ మిల్క్‌లో 40 శాతానికి పైగా కలిపిన చక్కెరే. రెండు పెద్ద చెంచాలంటే సుమారు 40 గ్రాములు, అంటే 16 గ్రాములకు పైగా చక్కెర. అప్పటికే తియ్యగా ఉన్న బంగినపల్లిలో అది కలిస్తే పాయసం అనక ఇంకేమంటారు? మీ అమ్మగారి నాలుక సరిగ్గానే చెప్పింది. ఎవాప్ మన ఊళ్లలో దొరకడం కష్టం. అది 60 శాతం నీరు పోయిన పాలు, అంతే. లీటరు చిక్కటి పాలను సన్నసెగ మీద కలుపుతూ 400 మిల్లీలీటర్లకు మరగనిచ్చి, మీగడ తీసేసి, బాగా చల్లార్చి వాడుకోవచ్చు. గోరువెచ్చగా ఉన్నప్పుడు పోస్తే ఐసంతా కరిగి నీళ్లపాలవుతుంది.

రాజమండ్రి_రసాలు:
మా నాన్నగారికి షుగరు. వేసవిలో ఆయన ముందు ఇవన్నీ చెయ్యాలంటే నాకు చెయ్యాడదు, కాబట్టి సముద్రపుగాలి గారి పక్షం. మా ఇంట్లో రసంపండు, ఐసు, చిటికెడు ఉప్పు. పంచదార కూడా వెయ్యను. నాన్నగారికి చిన్న గ్లాసులో సగం, అదీ డాక్టరుగారిని అడిగాకే.

మిక్సీ గురించి ఎవరూ చెప్పలేదే! మన మిక్సీ జార్లో ఐసుముక్కలు అలాగే వేస్తే బ్లేడు వదులైపోతుంది, కింద రబ్బరు ముక్క అరిగిపోతుంది. నాకు రెండు వేసవుల్లో రెండు పోయాయి. ఇప్పుడు ఐసును శుభ్రమైన బట్టలో మూటగట్టి పచ్చడిబండతో నలగ్గొట్టి వేస్తున్నాను. ఇంకా మంచి ఉపాయం, ముందురోజు రాత్రే పండు ముక్కలు డీప్ ఫ్రిజ్‌లో పెట్టడం. ముక్కే ఐసైపోతే షేక్ పల్చబడదు. పల్చబడకపోతే చిక్కదనం కోసం పాలు వెతుక్కునే పనే ఉండదు.

మానేరు_పిల్ల:
ముక్కలు గడ్డకట్టిచ్చే ఉపాయం మంచిగున్నది అక్కా, రేపే చేస్త. గని పాలు చిక్కదనం కోసమే పోస్తరనుకోకుండ్రి. కమ్మదనం కోసం. చక్కెర వద్దనుకుంటే కండెన్స్‌డ్ మిల్క్ బంద్ చేసి ఎవాప్ ఒక్కటే పోయొచ్చు.

దవావ్_టు_గుంటూరు:
అందరూ చెప్పినవి చదివి నిన్న రెండు రకాలుగా చేశాను.

పొద్దున చిన్నరసాలతో, పాలు లేకుండా. రసం పిండి వడకట్టి, నలగ్గొట్టిన ఐసు, ఉప్పు వేశాను. అమ్మ పూర్తిగా తాగింది, ఇంకో గ్లాసు ఉందా అనడిగింది. నిజం చెప్పాలంటే బాగుంది. కానీ నాకది దవావ్ కాదు, మా అమ్మమ్మ వాళ్ల ఊరు.

సాయంత్రం బంగినపల్లి ముక్కలు గడ్డకట్టించి, మరిగించి చల్లార్చిన పాలు మూడు చెంచాలు, కండెన్స్‌డ్ మిల్క్ ఒక్క చిన్న చెంచా వేసి తిప్పాను. దగ్గరగా వచ్చింది కానీ ఏదో వెలితి. గ్లాసు పట్టుకుని చాలాసేపు ఆలోచించాను. అక్కడి పండులో తీపి వెనకాల చిన్న పులుపు ఉండేది. పాలు వచ్చి ఆ పులుపును మెత్తబరిచేవి. బంగినపల్లిలో ఆ పులుపు లేదు, పాలు వచ్చి తీపి మీద తీపిగా కూర్చుంటున్నాయి. అక్కడైతే కలమాన్సి, అంటే అక్కడి చిన్న నిమ్మకాయ, పిండేదాన్ని. ఇక్కడ అర చెంచా నిమ్మరసం పిండాను. మొదటిసారి ఆ వరండా, ఆ పక్కగది గుర్తొచ్చాయి. కాబట్టి నా మటుకు నేను పాలు పోస్తాను. పండు మారినప్పుడు లెక్క మార్చుకోకపోవడమే నేను చేసిన పొరపాటు.

రుచిశాస్త్రం:
నిమ్మరసం ముందు పండులో కలిపి తిప్పండి, పాలు చివర్లో. నేరుగా పాలలో పిండితే విరుగుతాయి. మరగబెట్టిన పాలైనా నమ్మకండి.

సముద్రపుగాలి:
నిమ్మరసం సంగతి నాకు తట్టలేదు, ఈసారి ఆ పద్ధతిలో పాలు పోసి ఒక గ్లాసు చేస్తాను. నచ్చిందో లేదో ఇక్కడే చెబుతాను. మీరు కూడా పచ్చిమామిడి షేక్ చెయ్యండి. కలెక్టరు కాయ, ఇంకా పసుపు తిరగనిది.

దవావ్_టు_గుంటూరు:
చేస్తానండీ. తొక్క తీసెయ్యాలా, ఉంచాలా?

సముద్రపుగాలి:
తీసెయ్యండి, జీడి కూడా. ముక్కలు పంచదారలో పది నిమిషాలు నాననిచ్చి అప్పుడు ఐసు వెయ్యండి.