వార్డు కమిటీ మీటింగ్ నుంచి జనాన్ని బయటికి పంపొచ్చా?

నమస్కారం అండీ. హైదరాబాద్‌లో మా వార్డు కమిటీ మీటింగ్‌కి నాలా పూడిక సంగతి అడుగుదామని వెళ్తే, 'ఇది సభ్యులకే అమ్మా' అని తలుపేసుకున్నారు. గట్టి వాన పడితే ఆ నాలా నీళ్లు మా వీధి ఇళ్లలోకే వస్తాయి. మరి మేం వినకూడనిది ఏముంటుంది? 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలు తెచ్చింది పాలన జనానికి దగ్గరవ్వాలనే కదా!

కోర్టు కేసో, ఉద్యోగి మీద విచారణో అయితే గోప్యత అర్థం చేసుకుంటాను. కానీ 1955 నాటి జీహెచ్‌ఎంసీ చట్టం ప్రకారం తలుపులు మూయాలంటే తీర్మానం ఉండాలా, అధ్యక్షులు నోటిమాటగా చెబితే చాలా?

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి ఆ మీటింగ్ మినిట్స్ (ఏం చర్చించారో రాసిన రికార్డు) అడగబోతున్నాను. 30 రోజుల్లో జవాబు రావాలి. తలుపులు మూయాలని తీర్మానం చేసి ఉంటే దాని కాపీ కూడా అదే దరఖాస్తులో అడగొచ్చా? కార్పొరేటర్లుగా చేసినవారు, మున్సిపల్ కేసులు చూసే లాయర్లు దయచేసి చెప్పండి.